క్లీన్‌రూమ్ మొహం చూడకుండా క్వాంటమ్ ఫోటోనిక్స్ పోస్ట్‌డాక్‌కి వెళ్ళొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం దగ్గర ఊరు. ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ థీసిస్ సబ్మిట్ చేశాను, వైవా ఇంకా అవ్వలేదు. ఐదున్నరేళ్ళు ఆప్టికల్ టేబుల్ మీదే గడిచాయి, 405 నానోమీటర్ల లేజర్‌ని బీబీవో క్రిస్టల్‌లోకి పంపి 810 దగ్గర ఫోటాన్ జంటలు తీయడం, వాటిని లెక్కపెట్టడం, ఇదే పని. ఇప్పుడు గ్లాస్గోలో ఒక గ్రూప్ నుంచి రెండేళ్ళ పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ అయ్యాక చేసే రీసెర్చ్ ఉద్యోగం) ఇంటర్వ్యూ వచ్చింది, వచ్చే గురువారం. పోస్టు పేరు క్వాంటమ్ ఫోటోనిక్స్, మైక్రోస్కేల్ డివైస్ ఇంజినీరింగ్. ఫ్యాబ్రికేషన్, అంటే చిప్ తయారీ, అనుభవం ఉంటే మంచిది అని యాడ్‌లో ఉంది, నేనేమో ఆ చిప్‌లు చేసే దుమ్ము లేని గదిని, క్లీన్‌రూమ్‌ని, అద్దం బయట నుంచి చూడటమే. సీవీలో "బేసిక్ ఫ్యాబ్రికేషన్" అని ఒక ముక్క పెట్టేశా, ఇప్పుడు భయంగా ఉంది. ఇంకోపక్క హైదరాబాద్‌లో ఒక చిప్ కంపెనీలో వాలిడేషన్ ఇంజినీర్ ఆఫర్ చేతిలో ఉంది, నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పాలి. నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, అమరావతికే క్వాంటమ్ కంప్యూటర్ వస్తుంటే నువ్వు గ్లాస్గో పోవుడేంది అంటున్నారు. అమ్మ సంగతి చెప్పక్కర్లేదు, నాకు 30 నిండాయి. ఏం చేయమంటావు?

జవాబు: చెల్లీ, ముందు ఆ సీవీలో ముక్క సంగతి తేల్చేద్దాం, మిగతావన్నీ తర్వాత. గురువారం మాటలు మొదలవ్వగానే, వాళ్ళు అడగకముందే నువ్వే చెప్పెయ్, "ఆ లైను కొంచెం ఎక్కువ రాశాను, క్లీన్‌రూమ్‌లో నా చేత్తో నేను ఏదీ చేయలేదు" అని. సిగ్గుగానే ఉంటుంది, ఒక్క నిమిషం. చెప్పకపోతే ఏమవుతుందో విను. ప్యానెల్‌లో ఫ్యాబ్ చేసే మనిషి ఒకరు ఉంటారు, వాళ్ళు నవ్వుతూనే అడుగుతారు చిప్ మీద పూసే రెసిస్ట్ అనే పూత ఏది వాడావ్, పీఎంఎంఏనా, దాని మీద డిజైన్ గీసే ఎలక్ట్రాన్ కిరణం, అదే ఈ-బీమ్, డోస్ ఎంత ఇచ్చావ్, దేంట్లో డెవలప్ చేశావ్ అని, ఇవన్నీ రాత్రికి రాత్రి చదివి అప్పజెప్పేయొచ్చు, కానీ నాలుగో ప్రశ్న ఒకటి ఉంటుంది చూడు, "ఎక్కడ చెడింది?" అని, అక్కడ దొరికిపోతావు. ఫ్యాబ్ చేసినోళ్ళని చెడిన సంగతి అడిగితే అరగంట ఆపరు, రెసిస్ట్ అంచుల దగ్గర లేచిపోయిందని, రెసిస్ట్‌ని కరిగించి దాని పైనున్న లోహాన్ని లేపేసే లిఫ్టాఫ్‌లో బంగారం చెవుల్లాగా నిలబడిపోయిందని, మెషీన్‌లో నాకంటే ముందోడు ఏదో గ్యాస్ వాడి ఛాంబర్ పాడుచేశాడని. చేయనోళ్ళ దగ్గర ఆ కథలు ఉండవు, అంతే.

పైగా నీకు ఆ అబద్ధంతో పనే లేదు. "ఉంటే మంచిది" అన్నారు, తప్పనిసరి అనలేదు. నిన్ను పిలిచింది నీ ఫోటాన్ లెక్కలు చూసే అయ్యుంటుంది, చిప్ చేసేవాళ్ళ గుంపులో అసలు కరువు అక్కడే, చేసిన చిప్ మంచిదో కాదో ఒక్కో ఫోటాన్ లెక్కన కొలిచి చెప్పే మనిషి దొరకడు. నువ్వు గురువారం ఈ చిన్న లెక్క ఒకటి పట్టుకెళ్ళు. చిప్ నుంచి ఫైబర్‌లోకి వెలుతురు వచ్చేచోట 3 డీబీ (డెసిబెల్, వెలుతురు ఎంత పోయిందో చెప్పే కొలత) పోతుంది అనుకో, అంటే సగం. ఫిల్టర్‌లో 1 డీబీ పోయి 80 శాతం మిగిలింది, డిటెక్టర్ 90 శాతం పట్టింది. అన్నీ గుణిస్తే ఒక ఫోటాన్ బతికి బట్టకట్టే అవకాశం 0.36. రెండు ఫోటాన్లు ఒకేసారి రావాలంటే 0.13. నాలుగు కావాలంటే 0.017, అంటే వందకి రెండు కూడా కాదు. ఇప్పుడు ఎవరో ఒక మంచి ఫ్యాబ్ మనిషి కూర్చుని వేవ్‌గైడ్ (చిప్ మీద వెలుతురు నడిచే సన్నటి దారి) కొసని సన్నగా చెక్కి ఆ 3 డీబీని 1 డీబీ చేశాడు అనుకో, చూడ్డానికి రెండు డీబీలే, నాలుగు ఫోటాన్ల కొలతకొచ్చేసరికి అది నాలుగింతలై 8 డీబీ అవుతుంది, అంటే ఆరు రెట్లు పైన. వారం రోజులు లేజర్ లాక్ ఊడిపోకుండా దేవుడికి దండం పెట్టుకుంటూ తీసే డేటా ఒక రోజు చిల్లరలో వచ్చేస్తుంది. టేబుల్ మీద ఐదేళ్ళు రాత్రుళ్ళు కూర్చున్నదానివి నీకు ఈ బాధ ఒంటికి తెలుసు, ఫ్యాబ్ వైపు వాళ్ళకి కాగితం మీద తెలుసు. ఇదే చెప్పు వాళ్ళకి, ఏ డీబీ ఎక్కడ పోతోందో నేను కొలిచి చెప్తాను, దాన్ని తగ్గించే పని మీ దగ్గర నేర్చుకుంటాను అని. నేను ప్యానెల్‌లో ఉంటే ఆ మాటకే పడిపోతా.

ఇక ఆ పొడుగాటి పోస్టు పేరు వెనక రోజువారీ పని ఏముంటుందో చెప్తా, ఎందుకంటే చాలామంది క్వాంటమ్ అన్న పదం చూసి వెళ్ళి అక్కడ టిష్యూ, అసిటోన్ పట్టుకుని ఏడుస్తారు, నేనూ ఏడ్చా. నువ్వు టేబుల్ మీద క్రిస్టల్, లెన్సులు, అద్దాలు పెట్టి రెండు మీటర్లలో చేసేదాన్ని గోరంత చిప్ మీద చేయాలి, అదీ విషయం. సిలికాన్ వేవ్‌గైడ్ అయితే ఎత్తు 220 నానోమీటర్లు, వెడల్పు ఒక 450, 500, అంటే తల వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. దాని పక్కగోడ కాస్త గరుకుగా ఉన్నా వెలుతురు చెదిరి పోతుంది, అందుకే ఎచింగ్ (అక్కర్లేని చోట పదార్థాన్ని తొలిచేయడం) రెసిపీ మీద మనుషులు నెలలు నెలలు కూర్చుంటారు. పైగా ఒకే పదార్థంలో అన్నీ దొరకవు. ఒక్కో ఫోటాన్ అడిగినప్పుడు ఇచ్చేది గాలియం ఆర్సెనైడ్‌లో ఉండే ఇండియం ఆర్సెనైడ్ క్వాంటమ్ డాట్ అనే నానో చుక్క, దాన్ని 4 కెల్విన్‌కి, అంటే సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కి చల్లబరచాలి. దారి తిప్పడానికి సిలికాన్ నైట్రైడో లిథియం నియోబేటో కావాలి. పట్టుకోవడానికి సూపర్‌కండక్టింగ్ నానోవైర్. వీటన్నిటినీ ఒక్కచోట చేర్చడమే ఆ మైక్రోస్కేల్ డివైస్ ఇంజినీరింగ్ అనే మాటకి అర్థం.

చేర్చడానికి ఒక పద్ధతి ఉంది, ట్రాన్స్‌ఫర్ ప్రింటింగ్ అంటారు, గ్లాస్గో స్ట్రాత్‌క్లైడ్ యూనివర్సిటీలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫోటోనిక్స్ వాళ్ళు దీంట్లో చాలా పని చేశారు. మా అమ్మమ్మ తెనాలిలో డాబా మీద పాత పంచె పరిచి వడియాలు పెట్టేది, ఎండాక పంచె వెనక నీళ్ళు చిలకరించి ఒక్కొక్కటీ ఊడదీసేది, విరక్కుండా తీయడం అందరి వల్లా అయ్యేది కాదు. ఇదీ అంతే, చిన్న డివైస్ కింద ఉన్న పొరని యాసిడ్‌తో కరిగించేస్తారు, అది రెండు మూడు సన్నటి కాళ్ళ మీద గాల్లో వేలాడుతూ ఉంటుంది, పైనుంచి పీడీఎంఎస్ అనే రబ్బరు స్టాంప్ ఆనించి గబుక్కున లాగితే కాళ్ళు తెగి స్టాంప్‌కి అంటుకుని వచ్చేస్తుంది, కొత్త చిప్ మీద పెట్టి స్టాంప్‌ని నింపాదిగా తీస్తే అక్కడే ఉండిపోతుంది. వేగంగా లాగితే అంటుకోవడం, మెల్లగా తీస్తే వదిలేయడం, ఆ ఒక్క కిటుకు మీద నడుస్తుంది మొత్తం. ఒక మైక్రాన్ లోపు గురి తప్పకుండా పెట్టాలి. ఇది చేతికి రావడానికి ఎంత కాదన్నా ఆర్నెల్లు.

నా సంగతి చెప్తా. నా మొదటి పోస్ట్‌డాక్ యూరప్‌లోనే, ఊరి పేరెందుకులే, క్వాంటమ్ అన్న పదం చూసి ఎగిరి గంతేసి వెళ్ళిపోయా, ఒక్క ప్రశ్న అడగలేదు. వెళ్ళిన మూడో నెలలో ఎచింగ్ మెషీన్ చెడిపోయింది, పార్ట్ వచ్చేసరికి ఐదు నెలలు. అప్పటిదాకా చిప్‌లు పక్క దేశం కొలాబరేటర్ పంపితే నేను వాటికి ఫైబర్ అతికించుకుంటూ కూర్చున్నా, అంటే పీహెచ్‌డీలో చేసిన పనే జీతం పెంచి చేశా అన్నమాట. మెషీన్ బాగయ్యాక మూడు వారాలు కష్టపడి మొదటి చిప్ చేశా, ఆనందం పట్టలేక పట్టకారు కాస్త గట్టిగా నొక్కా, టిక్ అని చప్పుడు, గాలియం ఆర్సెనైడ్ ఎంత పెళుసో ఆ రోజు తెలిసింది. బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడవాలన్నా ఆ బన్నీ సూట్ (క్లీన్‌రూమ్‌లో ఒళ్ళంతా కప్పే డ్రెస్) విప్పడానికే పది నిమిషాలు పడుతుంది, ఏడుపు ఆగిపోయింది. రెండేళ్ళకి ఒక పేపర్‌తో బయటపడ్డా. రెండోసారి ప్రశ్నలన్నీ ముందే అడిగి వెళ్ళా, అక్కడ నేర్చుకున్న ఎచింగే ఇప్పుడు బెంగళూరులో నాకు అన్నం పెడుతోంది, కార్డు మీద ప్రాసెస్ ఇంజినీర్ అని ఉంటుంది, క్వాంటమ్ అన్న మాటే లేదు.

అందుకని గురువారం చివర్లో "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అంటారు కదా, అప్పుడు లేవండీ థాంక్యూ అని మన అలవాటు ప్రకారం ముగించకు. ఈ ప్రాజెక్ట్‌లో చిప్ ఎవరి చేత్తో తయారవుతుంది అని అడుగు, నా చేతేనా, పీహెచ్‌డీ స్టూడెంట్ చేతా, ఫౌండ్రీకి, అంటే డిజైన్ పంపితే చిప్ చేసిచ్చే బయటి చోటికి, పంపుతారా. ఫౌండ్రీ అంటే తప్పేం కాదు, సౌతాంప్టన్‌లో కార్నర్‌స్టోన్ లాంటివి ఉన్నాయి, కానీ అప్పుడు నీ పని డిజైన్ గీసి పంపడం, నెలల తరబడి ఎదురుచూడటం, వచ్చాక కొలవడం, ఫ్యాబ్ చేతులు నీకు రావు. ఈ-బీమ్ మీద వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి, మెషీన్ నన్నే నడపనిస్తారా, టెక్నీషియన్ నడిపితే నేను చూస్తూ ఉండాలా, ట్రైనింగ్ ఎన్నాళ్ళకి ఇస్తారు. ఎచర్ ఇప్పుడు పనిచేస్తోందా అని కూడా అడుగు, నవ్వుతారు, అయినా అడుగు, జవాబు చెప్పే తీరు చూస్తే అర్థమైపోతుంది. గ్రాంట్ ఎప్పటికి అయిపోతుందో నెలతో సహా కనుక్కో, రెండేళ్ళ పోస్టు అని రాసినా గ్రాంట్ ముగింపు తేదీ కదలదు, నీ వీసా మూడు నెలలు లేటైతే ఆ మూడు నెలలు నీ ఖాతాలోంచే పోవచ్చు. ఇంతకుముందు ఇక్కడ చేసిన ఇద్దరు ముగ్గురు ఇప్పుడు ఎక్కడున్నారు అని ప్రొఫెసర్‌ని అడుగు, ఆ తర్వాత వాళ్ళనే వెతికి మెయిల్ పెట్టు, ఒక పావుగంట మాట్లాడతారా అని. మాట్లాడతారు, పోస్ట్‌డాక్‌లకి కష్టం చెప్పుకోవడానికి మనిషి దొరికితే వదలరు.

వాళ్ళ జవాబుల్లో నీ చేతికి క్లీన్‌రూమ్ నిజంగా దొరికేలా ఉంటే కళ్ళు మూసుకుని వెళ్ళు. గ్లాస్గో ఈ పనికి మంచి ఊరు, స్ట్రాత్‌క్లైడ్ సంగతి చెప్పాగా, గ్లాస్గో యూనివర్సిటీలో జేమ్స్ వాట్ నానోఫ్యాబ్రికేషన్ సెంటర్ ఉంది, జర్మనీ పరిశోధన సంస్థ ఫ్రాన్‌హోఫర్ వాళ్ళ ఫోటోనిక్స్ సెంటర్ కూడా ఆ ఊళ్ళోనే ఉంది, రెండేళ్ళ తర్వాత ఇంకో తలుపు తట్టాలన్నా బస్సు దూరం. డిసెంబర్‌లో నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది, అది మాత్రం ముందే మనసులో పెట్టుకో. అదే "చిప్‌లు పార్ట్‌నర్స్ ఇస్తారు, నువ్వు మెజర్‌మెంట్ చూసుకో" అన్నారనుకో, గౌరవంగా థాంక్యూ చెప్పి హైదరాబాద్ ఆఫర్ తీసుకో. నీకు మెజర్‌మెంట్ వచ్చు, వచ్చిన పని ఇంకో రెండేళ్ళు చేయడానికి సముద్రాలు దాటక్కర్లేదు.

వాలిడేషన్ ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకు, ఆ మాటకొస్తే. ఫ్యాబ్ నుంచి వచ్చిన చిప్‌ని బోర్డు మీద పెట్టి ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడం, అదీ కొలతే, నీలాంటి వాళ్ళు బాగా రాణిస్తారు. కాకపోతే రెండేళ్ళు అటు వెళ్ళాక మళ్ళీ ఫోటోనిక్స్ రీసెర్చ్‌లోకి రావడం కష్టం, రెండేళ్ళ ఫ్యాబ్ తర్వాత కంపెనీకి వెళ్ళడం అంత కష్టం కాదు. ఈ తేడా ఒక్కటే నన్ను గ్లాస్గో వైపు కాస్త మొగ్గేలా చేస్తోంది. ఆఫర్ ఇచ్చిన కంపెనీకి మెయిల్ పెట్టి ఇంకో రెండు వారాలు టైమ్ అడుగు, ఇస్తే ఇస్తారు లేకపోతే లేదు, అడగడానికేం పోయింది.

మీ నాన్నగారి ప్రశ్న తేలిగ్గా తీసేసేది కాదు. ఆయనకి ఆర్టీసీ భాషలోనే చెప్పు. ఊళ్ళో డిపో పెట్టినంత మాత్రాన అక్కడ బస్సు బాడీ కట్టరు కదా, దానికి మియాపూర్‌లో వేరే యూనిట్ ఉండేది. అమరావతి క్వాంటమ్ వ్యాలీకి 2025 మేలో ప్రకటించింది ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ అనే కంప్యూటర్, 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్ బిట్లు) హెరాన్ ప్రాసెసర్‌తో. అది ఫోటాన్ల మీద నడిచేది కాదు, సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్, సున్నా కెల్విన్‌కి ఒక డిగ్రీలో వందో వంతు ఎగువన ఉంచుతారు. ఆ చిప్ తయారీ అమరావతిలో కాదు, దాని చుట్టూ మొదట పెరిగేది దాన్ని వాడి ప్రోగ్రాములు రాసే పని అని నా అంచనా, అది నీ పని కాదు. అయితే ఆయన మాటలో ఒక నిజం ఉంది, మన దేశంలో ఇప్పుడు డబ్బు వస్తోంది. నేషనల్ క్వాంటమ్ మిషన్‌కి 2023 ఏప్రిల్‌లో కేంద్రం 6,003.65 కోట్లు ఓకే చేసింది, 2030-31 దాకా. నాలుగు హబ్‌లు పెట్టారు, కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్సీలో, కమ్యూనికేషన్ ఐఐటీ మద్రాస్‌లో, సెన్సింగ్ ఐఐటీ బాంబేలో, మెటీరియల్స్ డివైసెస్ ఐఐటీ ఢిల్లీలో. ఈ చివరిది నీలాంటి వాళ్ళ కోసమే అన్నట్టు ఉంది. గుజరాత్ ధొలేరాలో టాటా వాళ్ళ చిప్ ఫ్యాక్టరీకి 2024లో అనుమతి వచ్చింది. వీటన్నిటికీ థియరీ చెప్పేవాళ్ళు బోలెడంతమంది దొరుకుతారు, ఎచర్ ముందు నిలబడి ఈ గ్యాస్ కొంచెం తగ్గించు అనేవాళ్ళు దొరకరు. నాన్నగారితో "వెళ్ళి నేర్చుకుని వస్తా" అను, ఆ మాటకి ఆయన మెత్తబడతారు, మా నాన్న మెత్తబడ్డారు.

డబ్బుల సంగతి గబగబా చెప్పేస్తా. యూకేలో పోస్ట్‌డాక్ జీతం ఏడాదికి సుమారు 38 నుంచి 46 వేల పౌండ్ల మధ్య ఉంటుంది, నువ్వు కింది మెట్టు మీద మొదలవుతావు, స్కాట్లండ్‌లో ఆ జీతం మీద టాక్స్ ఇంగ్లండ్ కంటే కాస్త ఎక్కువ, పెన్షన్ కూడా పోగా చేతికి నెలకి రెండున్నర వేల పౌండ్లకి కొంచెం అటూ ఇటూ. ఒక్క మనిషికి సరిపోతుంది, లక్షలు పంపేంత ఉండదు, ఇంట్లో ఇది ముందే చెప్పు. వీసా ఫీజు కాక హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 1,035 పౌండ్లు, రెండేళ్ళదీ ముందే కట్టాలి, మన లెక్కలో రెండు లక్షలు దాటుతుంది, కొన్ని యూనివర్సిటీలు తిరిగి ఇస్తాయి కొన్ని అప్పుగా ఇస్తాయి, హెచ్ఆర్‌ని మొహమాటం లేకుండా అడుగు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్తే నీ సబ్జెక్ట్‌కి ఏటాస్ అనే భద్రతా క్లియరెన్స్ కావాలి, ఇండియన్స్‌కి మినహాయింపు లేదు, ఫీజు లేదు కానీ వారాలు పడుతుంది, ఆఫర్ లెటర్ రాగానే అదే మొదట అప్లై చెయ్. ఇంకోటి, వైవా అవ్వకుండా చేరితే చాలాచోట్ల రీసెర్చ్ అసిస్టెంట్ అని ఒక గ్రేడ్ కిందకి పెడతారు, డిగ్రీ వచ్చాక పెంచుతారు. కాబట్టి మీ గైడ్ వెంటపడి వైవా తేదీ వేయించుకో, ప్రొవిజినల్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని విమానం ఎక్కు.

ఆ వీసా వచ్చేలోపు దొరికే రెండు మూడు నెలలు ఊరికే కూర్చోకు. ఐఎన్‌యూపీ (ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రాం) అని ఒకటి ఉంది, ఐఐఎస్సీ, ఐఐటీ బాంబే లాంటి చోట్ల నానోఫ్యాబ్‌లని బయటి కాలేజీల వాళ్ళకి కూడా తెరిచి ట్రైనింగ్ ఇస్తారు, చూసి అప్లై చెయ్, ఒక్క వారం బన్నీ సూట్ వేసుకుని పసుపు లైట్ల కింద తిరిగినా భయం పోతుంది. హెచ్ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్) యాసిడ్ దగ్గర మాత్రం భయం ఉంచుకో, అది పలచగా ఉంటే తగిలిన వెంటనే మంట కూడా తెలియకపోవచ్చు, దానికి రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎక్కడ పెట్టారో చూసుకోకుండా ఆ సీసా ముట్టుకోకు, ఎవరు నవ్వినా సరే. గురువారం లోపు చేయగలిగేది ఇంకోటి ఉంది. చిప్ డిజైన్ గీసే కేలేఔట్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, జీడీఎస్‌ఫ్యాక్టరీ కూడా, నీకు పైథాన్ వచ్చు కదా, కూర్చుంటే రెండు రోజుల్లో ఒక మైక్రోరింగ్ (ఉంగరంలా చుట్టిన వేవ్‌గైడ్) గీసేస్తావు. పక్కన వేవ్‌గైడ్ ఎంత గ్యాప్‌లో పెట్టావు, ఎందుకు పెట్టావు అన్నది నీ మాటల్లో చెప్పగలగాలి. ఆ బొమ్మ ఒక స్లైడ్‌లో పెట్టి, "ఫ్యాబ్ రాదు, నిన్నగాక మొన్న ఇది గీశాను, ఇందులో తప్పులు చెప్పండి" అను. వాళ్ళు తప్పులు చెప్పడం మొదలుపెట్టారంటే ఇంటర్వ్యూ కాస్తా పాఠం అయిపోయినట్టే, ఆ అరగంటలో వాళ్ళు ఎలా నేర్పే మనుషులో కూడా నీకు తెలిసిపోతుంది.

అమ్మ సంగతిలో నేను పెద్దమనిషిని కాను, నేనే 34కి చేసుకున్నా. పెళ్ళి కుదిరితే స్కిల్డ్ వర్కర్ వీసా మీద భర్తని తీసుకెళ్ళొచ్చు, ఆయన అక్కడ ఉద్యోగం కూడా చేసుకోవచ్చు, ఈ ఒక్క ముక్క అమ్మ చెవిన వెయ్, మిగతాది వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. శుక్రవారం రాయి నాకు, ఎచర్ సంగతి అడిగితే ఏమన్నారో.